నెమ్మదిగా నడిచే ఎలుక

పిల్లి తిరిగే ఇంట్లో ఎలుకల మందు పెట్టకూడదు. పక్కవాళ్ళు పెడితే అది ఏ మందో అడిగి తెలుసుకోవాలి. ఈ పోస్టు ఈ రెండు మాటల కోసమే. చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేసినా నాకేం అభ్యంతరం లేదు.

ఓపిక ఉన్నవాళ్ళకు వివరంగా చెప్తాను. మాది మిర్యాలగూడ. మా నాన్న పెట్టిన మెడికల్ షాపు ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇల్లు షాపు వెనకే. ఇంటి వెనక సందు దాటితే వడ్ల గోదాము. మా ఊరు తెలిసినవాళ్ళకు ఈ ఒక్క ముక్కతో ఎలుకల సంగతి అర్థమైపోతుంది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ట్రాక్టర్ల మీద, లారీల మీద వచ్చేది ఇక్కడి రైస్ మిల్లులకే. ఇన్ని వడ్లు ఉన్నచోట ఎలుకలు ఉండవా?

మా పిల్లి పేరు సేఠ్. గల్లాపెట్టె పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తుంటాడని గోదాము హమాలీలు ఆ పేరు పెట్టారు. పగలు షాపులో ఉంటాడు, రాత్రి గోదాముకు పోతాడు. చిట్టెలుకను పడితే తింటాడు. చుంచును పడితే మాత్రం చంపి గడప ముందు పడేసిపోతాడు. చుంచు ఒంటి నుంచి వచ్చే వాసనకు పిల్లులు దాన్ని తినవు. పొద్దున్నే తలుపు తీయగానే దాన్ని చూసి మా అమ్మ తిట్టే తిట్లు వీధి చివరిదాకా వినిపిస్తాయి.

ఏడాదికి రెండుసార్లు మా దగ్గర ఎలుకల సీజన్ వస్తుంది. వానాకాలం వరి కోతలు అయ్యాక ఒకసారి, యాసంగి కోతలు అయ్యాక ఇంకోసారి. కోత మిషన్ తిరిగిన పొలంలో గట్ల బొరియల్లో ఉన్న ఎలుకలకు ఒక్కసారిగా తిండి పోతుంది. అవి కల్లాల వైపు, అక్కడినుంచి బస్తాల వెంట ఊళ్ళోకి వస్తాయి. గోదాముల్లో, కిరాణా కొట్లలో, ఇళ్ళలో మందు పెట్టేది కూడా ఆ రోజుల్లోనే. మేము ఎలుకల మందు అమ్మం. అయినా సీజన్‌లో రోజూ ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. నేను "ఇంట్లో పిల్లి ఉందా?" అని తిరిగి అడుగుతాను. చాలామంది ఉందనే అంటారు. "పిల్లి ఉంది గానీ ఒక్కదానితోని అయితలేదు సారూ, మందు గూడ పెడదామని" అంటారు. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. పిల్లిని, మందును ఒకే పనికి పెడితే ఆ రెండూ ఎక్కడో ఒకచోట కలుస్తాయి. ఎలుక పొట్టలో కలుస్తాయి.

ఎలుకల మందు అంటే ఒకటే మందు కాదు. మన బజార్లో దొరికేవి ఒకదానికొకటి సంబంధం లేని రకాలు. ఒకదానికి విరుగుడు ఉంది, ఇంకొకదానికి లేదు. ఒకటి గంటల్లో చంపుతుంది, ఒకటి రోజులు తీసుకుంటుంది. డాక్టరు దగ్గరికి పోయి "ఎలుకల మందు తిన్నది సార్" అంటే సగం సమాచారమే ఇచ్చినట్టు.

ఇళ్ళలో, గోదాముల్లో ఎక్కువగా వాడే రంగు బిళ్ళల్లో ఉండేది బ్రోమాడియోలోన్. ప్యాకెట్ మీద 0.005 శాతం అని ఉంటుంది. ఇది మాకు, అంటే మందుల షాపువాళ్ళకు, కొత్త చుట్టం కాదు. గుండె వాల్వు మార్చినవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకునే వార్ఫరిన్‌ది కూడా ఇదే కుటుంబం. వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగానే అమెరికా మార్కెట్లోకి వచ్చింది. మనుషులకు వాడడానికి అనుమతి 1954లో దొరికింది. ఆ మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు అదే మందు ఇచ్చారు. తర్వాత ఎలుకలు వార్ఫరిన్‌ను తట్టుకోవడం మొదలుపెడితే, ఇంకా గట్టి మందులు తయారు చేశారు. బ్రోమాడియోలోన్ వాటిలో ఒకటి. వార్ఫరిన్ అయితే ఎలుక చాలాసార్లు తినాలి, దీన్ని ఒక్కసారి కడుపునిండా తింటే చాలు. పైగా ఇది కాలేయంలో వారాల తరబడి ఉండిపోతుంది.

ఇది పనిచేసే తీరు తెలిస్తే పిల్లికి ఎందుకు ప్రమాదమో అర్థమవుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కొన్ని ప్రొటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతో తయారు చేస్తుంది. వాడిన విటమిన్ కెను మళ్ళీ పనికొచ్చేలా మార్చుకునే దారిని ఈ మందు మూసేస్తుంది. కానీ అప్పటికే రక్తంలో ఉన్న ప్రొటీన్లు కొన్నాళ్ళు నెట్టుకొస్తాయి. అందుకే మందు తిన్న ఎలుక వెంటనే చావదు. చాలా వరకు మూడు రోజుల నుంచి వారం దాకా బతుకుతుంది. ఆ లోపల ఇంకా బిళ్ళలు దొరికితే ఇంకా తింటుంది. చివరి రోజుల్లో ఒంట్లో నెత్తురు కారుతూ బలం తగ్గి, పట్టపగలు గోడ వారగా నెమ్మదిగా నడుస్తుంది. మామూలుగా ఎలుక పిల్లికి అంత సులువుగా చిక్కదు. ఈ ఎలుక చిక్కుతుంది.

నిరుడు యాసంగి కోతల తర్వాత సేఠ్ అలాంటి ఎలుకలనే తిన్నాడు. వాడు గల్లాపెట్టె మీదికి ఎగరడం మానేసి కింద మందుల అట్టపెట్టెల వెనక పడుకున్నాడు. మా అమ్మ దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మా ఆవిడ వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని నోరు తెరిచి చూసింది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కడుపు మీద వెంట్రుకలు పక్కకు తీస్తే ఊదారంగు మచ్చ. ఊపిరి గబగబా తీస్తున్నాడు. ఎక్కడా గాయం లేదు, ఎక్కడినుంచీ నెత్తురు కారడం లేదు. ఈ విషంతో వచ్చిన చిక్కు ఇదే. నెత్తురు బయటికి రాకుండా లోపలే, ఛాతీలోనో కడుపులోనో కీళ్ళలోనో చేరుతుంది. చూసేవాళ్ళకు పిల్లి నీరసంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కొన్నిటికి దగ్గు వస్తుంది, కొన్ని కుంటుతాయి, కొన్నిటికి దొడ్డికి నల్లగా అవుతుంది.

పశువుల దవాఖానకు తీసుకెళ్ళాం. అక్కడికి వచ్చేవి ఎక్కువగా బర్రెలు, గొర్రెలు. డాక్టరుగారు మాత్రం పిల్లిని చూసి నవ్వలేదు, విసుక్కోలేదు. ముందు అడిగిన ప్రశ్న, "వీడు ఎలుకల్ని పడతాడా?" రెండో ప్రశ్న, "చుట్టుపక్కల ఏ మందు పెట్టారు?" మొదటిదానికి జవాబు ఉంది. రెండోదాని కోసం గోదాముకు పరుగెత్తాను. అక్కడి వాచ్‌మన్ తాత చల్లగా చెప్పాడు:

"నీలం బిళ్ళలు సారూ. ఇగ సూడున్రి, తిన్న ఎలుకలు ఉరకవు, మెల్లగ నడుస్తుంటయ్. మీ సేఠ్‌కు వారం సంది పండుగే."

చెత్తకుప్పలోంచి ఆ ప్యాకెట్ వెతికి తెచ్చి ఇచ్చాడు. మందు పెట్టే ముందు మాకు ఒక మాట చెప్పాల్సిందని నేను గోదాము ఓనరును అడిగితే, ఆయన "పిల్లి కోసం వడ్లు పోగొట్టుకోమంటారా" అన్నాడు. ఆ గొడవ వేరే కథ, ఇక్కడ రాస్తే పోస్టు పక్కదారి పడుతుంది.

డాక్టరుగారు ఒక సాదా గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి కదపకుండా పక్కన పెట్టారు. మన జిల్లాలో పాముకాటు కేసులు చూసినవాళ్ళకు ఆ పరీక్ష తెలుసు. రక్తపింజర కరిచిన మనిషికి ఇదే చేస్తారు. ఇరవై నిమిషాలు ఆగి గొట్టం వంచి చూస్తారు. సేఠ్ రక్తం గడ్డకట్టలేదు. పెద్ద ఊళ్ళలో అయితే ఇంకా కచ్చితమైన పరీక్షలు ఉంటాయి గానీ, ఆ పూటకు, ప్యాకెట్ కూడా చేతిలో ఉన్నప్పుడు, ఆ గాజు గొట్టం చాలింది.

విరుగుడు విటమిన్ కె1. ఇక్కడ నా షాపు అనుభవం పనికొచ్చింది కాబట్టి ఈ ముక్క కొంచెం సాగదీస్తాను. విటమిన్ కె పేరుతో మందుల షాపుల్లో రెండు రకాలు ఉంటాయి. ఫైటోమెనాడయోన్ అని రాసి ఉంటే అది కె1. మెనాడయోన్ అని మాత్రమే ఉంటే అది కె3. పేర్లు దగ్గరగా ఉన్నాయని, ధర తక్కువని కె3 మాత్ర ఇచ్చేసే షాపులు ఉన్నాయి. ఈ విషానికి కె3 పనిచేయదు. పిల్లి మందు వేసుకుంటోందిలే అని ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా ఉంటారు, లోపల నెత్తురు కారుతూనే ఉంటుంది. కె1 కూడా వేసిన నిమిషంలో పనిచేయదు. కాలేయం కొత్తగా ప్రొటీన్లు తయారు చేయాలి, అందుకు కనీసం ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. అప్పటికే చాలా నెత్తురు పోయిన పిల్లికి ఆ గంటలు గడవవు. దానికి వేరే పిల్లి రక్తం ఎక్కించాలి, అంటే హైదరాబాద్ పోవాలి. సేఠ్‌కు అంతదాకా రాలేదు.

మొదట సన్నటి సూదితో చర్మం కింద ఇంజెక్షన్ ఇచ్చారు. నరానికి ఇస్తే కొన్నిసార్లు ప్రాణం మీదికి వచ్చే అలర్జీ వస్తుంది. కండకు ఇస్తే సూది గుచ్చినచోటే లోపల నెత్తురు చేరి వాస్తుంది. తర్వాత నోటి ద్వారా ఇచ్చుకున్నాం. ఈ విటమిన్ కొవ్వులో కరిగేది కాబట్టి తిండితో, అందులోనూ కొంచెం కొవ్వు ఉన్న తిండితో ఇస్తే బాగా ఒంటబడుతుంది. కోడి లివర్‌లో కలిపితే సేఠ్ అనుమానంగా వాసన చూసి, నా మొహం చూసి, అప్పుడు తినేవాడు. డోసు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు డాక్టరును చూడకుండా దాన్నే పట్టుకుంటారు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఆ తర్వాత. రెండో రోజుకో మూడో రోజుకో పిల్లి లేచి తిరుగుతుంది. ఇక బాగైపోయిందని మందు ఆపేస్తారు. బ్రోమాడియోలోన్ వారాల పాటు కాలేయంలో కూర్చుని ఉంటుందని చెప్పాను కదా. కె1 ఆపిన కొన్నాళ్ళకే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఈ రకం మందులకు మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం కె1 ఇవ్వాలి. ఆపిన రెండు రోజుల తర్వాత రక్తం గడ్డకడుతోందో లేదో మళ్ళీ చూడాలి. నిజానికి ఈ విషాన్ని కుక్కల కంటే పిల్లులు కొంచెం ఎక్కువ తట్టుకుంటాయి. అయితే కుక్క ఎప్పుడో ఒకసారి ఎలుకను పడుతుంది, గోదాము పక్కన ఉండే పిల్లికి అది రోజువారీ భోజనం.

ఇక పొలాల దగ్గర వాడేది నల్లటి పొడి, జింక్ ఫాస్ఫైడ్. హాలియా, నిడమనూరు, త్రిపురారం వైపు నుంచి వచ్చేవాళ్ళు దీన్నే ఎలుకల మందు అంటారు. ఎలుకలు కొత్త తిండిని వెంటనే నమ్మవు కాబట్టి ముందు ఒకటి రెండు రోజులు నూనె కలిపిన నూకలు మాత్రమే పెట్టి అలవాటు చేస్తారు. తర్వాత 96 పాళ్ళ నూకలకు రెండు పాళ్ళ నూనె, రెండు పాళ్ళ ఈ పొడి కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో వేస్తారు. కడుపులో ఆమ్లం తగలగానే ఇది ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది. ఎలుక గంటల్లోనే పోతుంది. ఈ విషం ఎలుక కండలో, కాలేయంలో పేరుకోదు కాబట్టి చచ్చిన ఎలుకను తిన్న పిల్లికి బ్రోమాడియోలోన్ అంత ముప్పు ఉండదు. కానీ ఎలుక పొట్టలో అరగని నూకలు మిగిలి ఉంటే, పేగులతో సహా తినే పిల్లికి అవీ పోతాయి. అప్పుడు వాంతులు, వణుకు, ఆయాసం, చాలావరకు కొన్ని గంటల్లోపే. దీనికి విరుగుడు లేదు. డాక్టరు చేయగలిగింది ఒంట్లో ఉన్న బలం నిలబెట్టడమే.

అలాంటి పిల్లికి పాలు పోయకండి, అన్నం పెట్టకండి. తిండి పడితే కడుపులో ఆమ్లం ఊరుతుంది, వాయువు ఇంకా పుడుతుంది. కక్కించడానికి ఉప్పునీళ్ళు పట్టించడం అన్ని విషాలకూ తప్పే. ఉప్పు ఎక్కువైతే అదే పిల్లిని చంపుతుంది. ఇంకో మాట, దాని వాంతి దగ్గర మొహం పెట్టి వాసన చూడకండి. వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేప వాసనో వస్తే కిటికీలు తెరిచి పక్కకు జరగండి. 2006 నుంచి 2011 మధ్య అమెరికాలో మిచిగాన్, అయోవా, వాషింగ్టన్ రాష్ట్రాల పశువైద్యశాలల్లో జింక్ ఫాస్ఫైడ్ తిన్న కుక్కలను కక్కిస్తూ, ఆ గాలి పీల్చి ఎనిమిది మంది సిబ్బంది జబ్బు పడ్డారు. ఆటోలో పిల్లిని ఒళ్ళో పెట్టుకుని పోయేటప్పుడు పక్క తెరలు ఎత్తి ఉంచమనేది అందుకే.

గోదాముల్లో పురుగు పట్టకుండా బస్తాల మీద టార్పాలిన్ కప్పి కింద పెట్టే బిళ్ళల నుంచి వచ్చేదీ ఈ ఫాస్ఫీనే. మూడు గ్రాముల బిళ్ళ ఒక గ్రాము వాయువు వదులుతుంది. టార్పాలిన్ కింద పిల్లలు పెట్టిన పిల్లి ఉందేమో చూడకుండా మూసేయడం నేను విన్నాను, ఎక్కువ రాయలేను. ట్యూబుల్లో వచ్చే పసుపు భాస్వరం పేస్టు గురించి ఒక్క మాటతో సరి. అది మనుషుల కాలేయాన్ని ఏం చేస్తుందో మందుల షాపులో ఉన్నవాడికి తెలుసు. పిల్లి ఉన్నా లేకున్నా ఆ ట్యూబు ఇంట్లో ఉండడమే నాకు టెన్షన్.

ఇంత చెప్పాక గోదాము ఓనరు అన్న మాటకు జవాబు చెప్పాలి. వడ్లు కాపాడుకోవాలి, నిజమే. మందు వద్దంటే "అయితే నాలుగు పిల్లుల్ని ఇడుద్దాం" అంటారు. అదీ అయ్యేపని కాదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక చెత్త రీసైక్లింగ్ కేంద్రంలో ఎలుకలకు చిప్‌లు పెట్టి, కెమెరాలు బిగించి అయిదు నెలలు చూశారు. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. అన్ని నెలల్లో అక్కడి పిల్లులు చంపిన ఎలుకలు రెండు. రెండే! పిల్లి ఉన్నప్పుడు ఎలుకలు దాక్కున్నాయి, అంతే. అవి పెద్ద ఎలుకలు. మన పందికొక్కు కూడా అంతే. సేఠ్ చిట్టెలుకల మీద ప్రతాపం చూపిస్తాడు గానీ, పందికొక్కు ఎదురొస్తే గోడ మీదికెక్కి అది పోయేదాకా వేరే ఏదో చూస్తున్నట్టు నటిస్తాడు. తెలివైనవాడు. ఎందుకంటే ఎలుక పళ్ళు దిగిన గాయం పైకి చిన్న చుక్కే. రెండు రోజుల్లో పైన చర్మం మూసుకుని లోపల చీము పడుతుంది. పిల్లి మొహం ఒకవైపు వాచినా, ముందు కాలు ఆనించకపోయినా, ఒళ్ళు కాలుతున్నా అదే అనుమానించాలి.

అప్పుడు మాత్రం దయచేసి పారాసిటమాల్ వేయకండి. మా షాపుకు వచ్చి "సగం గోలీ ఇయ్యి సారూ, పిల్లికి జరమొచ్చింది" అని అడిగినవాళ్ళు ఉన్నారు. మన కాలేయం పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే పద్ధతి పిల్లి కాలేయానికి సరిగా చేతకాదు. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కల గోమార్లకు మెడ మీద వేసే పర్మెత్రిన్ చుక్కలు కూడా అంతే, పిల్లికి వణుకు, ఫిట్స్ వస్తాయి. ఇవి ఎలుకల వల్ల వచ్చేవి కాదు, మన ప్రేమ వల్ల వచ్చేవి.

పురుగుల సంగతి. ఎలుక కాలేయంలో తెల్లటి తిత్తులు ఉంటాయి, వాటిలో బద్దెపురుగు పిల్ల ముడుచుకుని ఉంటుంది. పిల్లి ఆ కాలేయం తింటే పురుగు పిల్లి పేగులో పెరుగుతుంది. దాని ముక్కలు తెగి పిల్లి తోక కింద, పడుకున్న గుడ్డ మీద బియ్యపు గింజల్లా కనిపిస్తాయి. కొన్ని కదులుతుంటాయి కూడా. చూడడానికి కంపరంగా ఉంటుంది గానీ, ఈ మొత్తం లెక్కలో అన్నిటికంటే తేలిగ్గా తేలిపోయేది ఇదే. ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర చాలు. గుండ్రటి పురుగులు కూడా ఎలుకల ద్వారా వస్తాయి, వాటికి వేరే మందు కలిసి ఉన్న మాత్రలు దొరుకుతాయి. వేటాడే పిల్లికి మూడు నెలలకోసారి వేయమని మా డాక్టరు చెప్పారు. బడిలో పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ ఇంట్లో ఉంది కదా అని అదే వేస్తామంటారు. వద్దు. పిల్లుల్లో అది ఎముక మజ్జను దెబ్బతీసిన కేసులు ఉన్నాయి.

జనం నిజంగా భయపడేది మాత్రం వేరే. ఒకరోజు వేములపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె, కోడలి ఐరన్ మాత్రలు తీసుకుంటూ గొంతు తగ్గించి అడిగింది. "మా కోడలు నీళ్ళోసుకున్నది బిడ్డా. ఇంట్ల పిల్లి ఉంటే కడుపుల పిల్లకు మంచిది గాదంటున్నరు. సంచిల ఏసి యాడన్న ఇడిసిపెట్టి రావాల్నా?"

ఆ భయంలో నిజం లేకపోలేదు. దాని పేరు టాక్సోప్లాస్మా, కంటికి కనిపించని ఒక పరాన్నజీవి. దాన్ని మొదట కనిపెట్టింది 1908లో, ట్యునీషియాలో గుండీ అనే ఎలుక జాతి జంతువులో. అదే ఏడు బ్రెజిల్‌లో ఒక కుందేలులోనూ చూశారు. పిల్లి పేగుల్లోనే అది గుడ్లు పెడుతుందని తేలడానికి 1970 దాకా పట్టింది. ఎలుకలను, పిట్టలను తినే పిల్లికి ఇది వచ్చే అవకాశం ఇంట్లో అన్నం తిని పడుకునే పిల్లి కంటే ఎక్కువే. గర్భిణికి అప్పుడే కొత్తగా సోకితే బిడ్డకు ప్రమాదం, అదీ నిజమే. అయితే పిల్లి దాని గుడ్లను దొడ్డిలో వదిలేది సోకిన మొదట్లో ఒకటి నుంచి మూడు వారాలే, చాలా పిల్లుల్లో జీవితంలో ఒక్కసారే. ఆ గుడ్లు కూడా బయటపడగానే అంటుకోవు, ఒకటి నుంచి అయిదు రోజులు బయట ఉంటేనే వాటికి ఆ శక్తి వస్తుంది. కాబట్టి కోడలు కాకుండా ఇంకెవరైనా రోజూ పిల్లి దొడ్డి ఎత్తేస్తే చాలు. మనుషులకు ఇది ఎక్కువగా వచ్చేది సరిగా ఉడకని మాంసం వల్ల, కడగని ఆకుకూరల వల్ల, మట్టి చేతుల వల్ల. ఆ పెద్దామెతో అదే చెప్పాను. పిల్లిని వదిలేయనక్కర్లేదు, కోడలితో దాని దొడ్డి ఎత్తించొద్దు, పెరట్లో మట్టిపని ఆమెకు చెప్పొద్దు, మటన్ బాగా ఉడికించు. "మట్టిపనా? ఇటు పుల్ల అటు పెట్టనిస్తలేను" అని నవ్వింది. తర్వాత ఆమె పిల్లిని ఉంచుకుందో లేదో నేను అడగలేదు.

ఎలుక ఉచ్చ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ పిల్లులను పెద్దగా ఇబ్బంది పెట్టదు. దానికి భయపడాల్సింది ఒట్టి కాళ్ళతో పొలంలో నీళ్ళలో దిగేవాళ్ళు, గోదాములో పుండ్లున్న చేతులతో బస్తాలు మోసే హమాలీలు. ప్లేగు మాట వస్తే మా నాన్న 1994 గుర్తు చేసేవారు. సూరత్‌లో ప్లేగు అని పేపర్లో రాగానే ఇక్కడ కూడా టెట్రాసైక్లిన్ కోసం జనం షాపు మీద పడ్డారట, స్ట్రిప్ కాకుండా డబ్బాలకు డబ్బాలు అడిగారట. కుక్కలకు ప్లేగు సోకినా చాలావరకు తట్టుకుంటాయి. పిల్లులు తట్టుకోలేవు. అమెరికా పడమటి రాష్ట్రాల్లో జబ్బు పడ్డ పిల్లుల నుంచి మనుషులకు వచ్చిన కేసులు ఉన్నాయి. ఇక్కడ ఇప్పుడు ఆ బెడద లేదు, ముందుకు పోదాం.

సేఠ్ వేట మానలేదు. మాన్పించే ఉద్దేశం నాకూ లేదు, కాకపోతే తగ్గించొచ్చు. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీవాళ్ళు 2021లో ప్రచురించిన పరిశోధనలో, మాంసం ఎక్కువ ఉన్న తిండి పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చిన వేట 36 శాతం తగ్గింది. రోజూ అయిదు పది నిమిషాలు ఆడించిన పిల్లులు తెచ్చింది 25 శాతం తగ్గింది. ఇంతకుముందు వాడికి పాలు అన్నం పెట్టేవాళ్ళం. ఇప్పుడు రాత్రి షాపు మూసే ముందు కోడి ముక్కలు ఉడికించి పెడుతున్నాం. మా అబ్బాయి పాత షూ లేసుకు అట్టముక్క కట్టి కాసేపు పరుగెత్తిస్తాడు. కోతల సీజన్‌లో రాత్రిపూట తలుపు తీయం. వాడు అరుస్తాడు. అరవనీ.

గోదాము ఓనరుతో మాటలు మళ్ళీ కలిశాయి. పిల్లి పేరు చెప్తే వినలేదు గానీ, బస్తాలను గోడకు ఆనించకుండా చెక్కల మీద ఎత్తుగా పేర్చి, తలుపు కింద సందుకు రేకు కొట్టిస్తే ఎలుకలు తగ్గుతాయని హమాలీ మేస్త్రీ చెప్తే విన్నాడు. బోన్లు పెట్టించాడు. మందు పెట్టక తప్పని మూలల్లో పెట్టెల్లో పెట్టి, చచ్చిన ఎలుకలను రోజూ ఏరి పాతిపెట్టే పని వాచ్‌మన్ తాతకు అప్పజెప్పాడు. జిగురు అట్టలు వద్దని నేనే చెప్పాను. పక్క సందులో ఒక పిల్లిపిల్ల దానికి నాలుగు కాళ్ళతో అతుక్కుంటే, వాళ్ళు కిరోసిన్ పోయబోయారు. కిరోసిన్ వద్దు, వంటనూనె రాస్తే జిగురు నిదానంగా వదులుతుంది.

చివరగా మా ఊరివాళ్ళకు, చుట్టుపక్కల మండలాల వాళ్ళకు ఒక సమాచారం. పశువుల డాక్టరు కె1 రాసిస్తే అన్ని మందుల షాపుల్లో దొరకదు. ప్రసూతి ఆసుపత్రుల ముందున్న షాపుల్లో అడగండి. పుట్టిన పిల్లలందరికీ అదే ఇంజెక్షన్ వేస్తారు కాబట్టి అక్కడ రాత్రిపూట కూడా ఉంటుంది. కొనేటప్పుడు పేరు మీరే చదవండి, ఫైటోమెనాడయోన్ అని ఉండాలి. పశువులకనో పిల్లికనో చెప్తే కొందరు ఇవ్వడానికి వెనకాడతారు, అందుకే డాక్టరు రాసిన చీటీ చేతిలో ఉంచుకోండి, ఎలుకల మందు ప్యాకెట్‌తో పాటు.